తగ్గింపు ఎవరిది? సికింద్రాబాదు, దోర్నకల్, మెదక్ ప్రాంతాల క్రైస్తవ మిషన్ చరిత్రలో సమానతా ప్రశ్న

వ్యాససంగ్రహం:

భిన్న జాతుల, భిన్న భాషల క్రైస్తవుల మధ్య ఐక్యతకు వినయమే పునాది అని మిషన్ సాహిత్యం తరచుగా చెబుతుంది. అయితే వినయాన్ని వ్యక్తి గుణంగా మాత్రమే చూస్తే అధికార సంబంధాలు మరుగున పడతాయి. సికింద్రాబాదు కేంద్రంగా విస్తరించిన మిషన్ కార్యాన్ని, దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య కృషిని, దక్షిణ ఇండియా సంఘ ఆవిర్భావాన్ని ఆధారం చేసుకొని, వినయం పదవిలో, భాషలో, భోజనపంక్తిలో రుజువు కావలసిన విషయమని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: తగ్గింపు, మిషన్ చరిత్ర, అజరయ్య, దోర్నకల్, మెదక్, సికింద్రాబాదు, సంఘైక్యత.

1. ప్రవేశిక

తెలుగు క్రైస్తవ పరిభాషలో వినయానికి బాగా వాడుకలో ఉన్న మాట 'తగ్గింపు'. ఈ మాట వెనుక రెండు భిన్నమైన క్రియలున్నాయి. తనను తాను తగ్గించుకోవడం ఒకటి, ఇతరుల చేత తగ్గించబడడం మరొకటి. మొదటిది ఎత్తులో ఉన్నవాడు ఇష్టపూర్వకంగా చేసే పని. రెండవది కింద ఉన్నవాడి మీద సమాజం మోపే స్థితి. తెలంగాణ, ఆంధ్ర గ్రామాలలో సువార్తను స్వీకరించినవారిలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలవారు. ఊరు వారిని తరతరాలుగా తగ్గించే ఉంచింది. అటువంటివారికి తగ్గింపును బోధించడం, దొరగా వచ్చిన మిషనరీకి దానినే బోధించడం ఒకటి కావు. మిషన్ చరిత్రను చదివేటప్పుడు ఈ భేదాన్ని గమనించడం అవసరం.

2. సికింద్రాబాదు: దండు నుండి సంఘానికి

నిజాం ప్రభుత్వం 1798లో ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార సంధి చేసుకున్నది. దాని ఫలితంగా హుస్సేన్‌సాగరుకు ఉత్తరాన వెలసిన దండు, మూడవ నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాదు అయింది. ఇక్కడి తొలి చర్చిలు సైనికుల అవసరాల కోసం పుట్టినవే. సెయింట్ జాన్స్ చర్చి 1813 నాటిది. బొల్లారంలోని హోలీ ట్రినిటీ చర్చి 1847లో విక్టోరియా రాణి సొంత ధనసహాయంతో నిర్మితమైంది. మద్రాసు సైన్యం వెంట వచ్చిన తమిళులు, ఊళ్ల నుండి పనికి వచ్చిన తెలుగువారు, ఉర్దూ మాట్లాడే పట్టణవాసులు, ఇంగ్లిషు సైనికులు ఒకే దండులో నివసించారు. భాషా వైవిధ్యం మిషనరీలు వచ్చేనాటికే ఇక్కడ ఉన్నది. లేనిది ఆ భాషల మధ్య సమానత. దండు అంటేనే హోదాల వరుస.

పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశాబ్దాలలో బాప్టిస్టు, వెస్లియన్ మిషనరీలు ఇక్కడి నుండి తెలుగు గ్రామాలవైపు కదిలారు. చార్లెస్ వాకర్ పోస్నెట్ 1895లో సికింద్రాబాదు చేరి, తిరుమలగిరిలో బ్రిటిష్ సైనికుల మధ్య తన సేవను మొదలుపెట్టాడు. కొద్దికాలానికే ఆయన మెదక్ ప్రాంతానికి తరలివెళ్లాడు. దండును విడిచి పల్లెకు వెళ్లడం, తెలుగు నేర్చుకోవడం నిస్సందేహంగా తగ్గించుకోవడమే. అయినా నిధులు ఎక్కడి నుండి రావాలో, బోధకుడిగా ఎవరు నియమితుడు కావాలో నిర్ణయించే అధికారం మాత్రం మిషనరీ చేతిలోనే నిలిచింది.

3. 1910: ఎడింబరోలో ఒక ప్రశ్న

సికింద్రాబాదు నుండి బెజవాడకు పోయే రైలుమార్గం 1889లో పూర్తయింది. ఆ మార్గంలోని దోర్నకల్‌కు తమిళనాడు నుండి ఒక భిన్నమైన మిషన్ వచ్చింది. 1903లో ఏర్పడిన తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ భారతీయులు స్థాపించి, భారతీయుల కానుకలతో నడిపిన సంస్థ. దాని స్థాపకులలో ముఖ్యుడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య (1874–1945). నాడార్ కులానికి చెందిన గ్రామ గురువు కుమారుడైన ఆయన 1909లో గురుపట్టం పొంది దోర్నకల్ చేరాడు. తెలుగు నేలమీద ఆయన కూడా పరభాషీయుడే. తెలుగు నేర్చుకున్న తరువాతనే ఆయన ఇక్కడివారితో మాట్లాడగలిగాడు.

1910 జూన్‌లో ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సుమారు 1,200 మంది ప్రతినిధులలో ఆసియా సంఘాల నుండి వచ్చినవారు ఇరవై మందికి అటూ ఇటూగా ఉన్నారు. విదేశీ, స్వదేశీ సేవకుల మధ్య సహకారమనే అంశం మీద అజరయ్య అక్కడ ప్రసంగించాడు. మిషనరీల త్యాగాన్ని ఆయన కాదనలేదు. వారు ఆస్తిని, ఆరోగ్యాన్ని, ప్రాణాన్ని సైతం ఇచ్చారని ఒప్పుకున్నాడు. ఇవ్వనిది స్నేహమని తేల్చి చెప్పాడు. ఏళ్ల తరబడి కలిసి పనిచేసినా భారతీయ సహచరుడిని ఇంటికి భోజనానికి పిలవని మిషనరీలుండడం, ఇద్దరి సంబంధం యజమాని, జీతగాడి సంబంధంగా మిగిలిపోవడం ఆయన విమర్శకు గురి అయ్యాయి. ఆ మాటలు సభలో చాలామందికి రుచించలేదు.

ఈ ప్రసంగంలోని సూక్ష్మం గమనించదగినది. దానం చేసేవాడు ఎంత ఉదారంగా ఇచ్చినా తన ఎత్తును కోల్పోడు. స్నేహంలో ఆ ఎత్తు నిలవదు. పంక్తిభోజనం కులభేదానికి కొలబద్దగా ఉన్న సమాజం నుండి వచ్చిన వ్యక్తి, అదే కొలబద్దను పాశ్చాత్య మిషనరీ ఇంటి ముందు పెట్టాడు.

4. దోర్నకల్: పదవి, కానుక, కులం

1912 డిసెంబరు 29న కలకత్తాలో అజరయ్యకు బిషప్‌గా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడాయన. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ ఈ నియామకానికి గట్టిగా నిలబడ్డాడు. వ్యతిరేకత మిషనరీల నుండే కాక భారతీయుల నుండి కూడా వచ్చింది. మొదట చిన్నదిగా ఉన్న దోర్నకల్ డయాసిస్‌లోకి 1920లో కృష్ణా మండలం తదితర ప్రాంతాలు చేరాయి. దానితో ఇంగ్లిషు మిషనరీలు ఒక భారతీయ బిషప్ అధికారం కింద పనిచేయవలసి వచ్చింది. తగ్గింపు ఉపదేశ స్థాయిని దాటి పరిపాలనా వ్యవస్థలో భాగమైన ఘట్టమిది.

స్థానిక సంఘం తన కాళ్లమీద తాను నిలవాలని అజరయ్య పట్టుబట్టాడు. పేద సంఘస్థులు ధాన్యం రూపంలోనైనా కానుక ఇవ్వాలని బోధించాడు. పుచ్చుకోవడమే తెలిసిన సంఘం ఇచ్చేవారితో సమానం కాలేదన్న గ్రహింపు దీని వెనుక ఉన్నది. అయితే మాల, మాదిగల మధ్య భేదం బాప్తిస్మంతో మాయం కాలేదు. రెండు పేటల వారిని ఒకే బల్ల దగ్గరకు చేర్చడం, ఇంగ్లిషువారిని భారతీయుడి అధికారం కిందికి తేవడం కంటే కష్టమైంది.

5. రెండు దేవాలయాలు

ఈ చరిత్రకు రెండు కట్టడాలు సాక్ష్యం చెబుతాయి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ పొందిన మెదక్ కెథడ్రల్ గోథిక్ శైలిలోనిది. కరవు రోజులలో పనికి ఆహారం ఇచ్చి పోస్నెట్ దానిని కట్టించాడు. రంగుటద్దాల కిటికీలు ఇంగ్లండు నుండి వచ్చాయి. 1939లో ప్రతిష్ఠ పొందిన దోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్‌లో ముస్లిం కట్టడాల గుమ్మటాలు, దక్షిణాది దేవాలయ మండపాలను తలపించే స్తంభాలు కలిసి కనిపిస్తాయి.

మొదటిది పరాయిది, రెండవది స్వదేశీయం అని తీర్పు చెప్పడం తొందరపాటే అవుతుంది. మెదక్ చర్చికి మతభేదం లేకుండా జనం తరలివస్తున్నారు. కట్టినవారి శైలి ఏదైనా, కొలిచేవారు దానిని తమదిగా చేసుకున్నారు. కానీ దోర్నకల్ కట్టడం ఇరుగుపొరుగు మతాల శిల్పం ముందు క్రైస్తవం నేర్చుకునే స్థానంలో నిలబడగలదని చూపింది. ఆ వైఖరి కూడా తగ్గింపులో భాగమే.

6. ఐక్యత, దాని హద్దులు

1919 మే నెలలో తరంగంబాడిలో జరిగిన సమావేశం సంఘైక్యతకు పిలుపునిచ్చింది. అజరయ్య అందులో ప్రముఖ పాత్ర వహించాడు. పాల్గొన్నవారిలో అత్యధికులు భారతీయులు. పాశ్చాత్య దేశాలలో పుట్టిన చీలికలను భారతీయ సంఘాలు మోయనవసరం లేదన్నది వారి వాదం. దాని ఫలంగా 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఆవిర్భవించింది. ఆంగ్లికన్ దోర్నకల్, మెథడిస్టు మెదక్ ఒకే సంఘంలో భాగమయ్యాయి. బాప్టిస్టులు, లూథరన్లు, అమెరికన్ మెథడిస్టులు వెలుపలే ఉండిపోయారు. 1964లో రాజమండ్రిలో మొదలై, తరువాత హైదరాబాదుకు తరలిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో ఈ భిన్న సంఘాలవారు కలిసి చదువుకొనే అవకాశం కలిగింది.

ఒక విషయం మాత్రం విస్మరించరాదు. 1945 జనవరి 1న అజరయ్య మరణించిన తరువాత దోర్నకల్ బిషప్ అయినది ఇంగ్లిషువాడైన ఎ.బి. ఇలియట్. 1947లో మెదక్ తొలి బిషప్ అయినది ఫ్రాంక్ విటేకర్, ఆయనా ఇంగ్లిషువాడే. దేశం స్వతంత్రమైన ఏడాది కూడా తెలంగాణ సంఘాల పీఠాలు ఇంగ్లిషువారివే. వారి సేవానిష్ఠను శంకించనవసరం లేదు. ఒక వ్యక్తికి దక్కిన గౌరవం వ్యవస్థ మారిందనడానికి రుజువు కాదని మాత్రం ఈ వరుస స్పష్టం చేస్తుంది.

7. ముగింపు

నేడు మెదక్ డయాసిస్ కార్యాలయం సికింద్రాబాదులోని ఓల్డ్ లాన్సర్ లైన్స్‌లో ఉన్నది. అశ్వికదళం పేరు మిగిలిన చోట తెలుగు సంఘం తన వ్యవహారాలు తానే నడుపుకుంటున్నది. పీఠాలు భారతీయుల చేతికి వచ్చాయి కనుక 1910 నాటి ప్రశ్న తీరిపోయిందనుకోవడానికి వీలులేదు. అప్పుడు అది విదేశీ మిషనరీని ఉద్దేశించిన ప్రశ్న. ఇప్పుడు పట్టణ సంఘం పల్లె సంఘాన్ని, ఒక కులం మరొక కులాన్ని, గురువు సంఘస్థుడిని ఎలా చూస్తున్నారన్నది అదే ప్రశ్నకు కొత్త రూపం. తగ్గింపును కోరవలసింది పైనున్నవారి నుండి. కిందనున్నవారికి ఇవ్వవలసింది పంక్తిలో చోటు, నిర్ణయంలో పాలు. ఈ రెండూ కలిసిన మేరకే సాంస్కృతిక ఐక్యత సాధ్యపడిందని ఈ ప్రాంత మిషన్ చరిత్ర తెలియజేస్తున్నది.