పాత వేట రైఫిలు – తుప్పు చెప్పే చరిత్ర

మన సంఘ సభ్యులలో కొందరి ఇళ్ళలో నేటికీ ఒక వేట తుపాకి ఉన్నది. తండ్రిగారిదో, తాతగారిదో, మామగారిదో అయి ఉంటుంది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట ఆగిపోయింది గాని తుపాకి మాత్రం బీరువాలోనే ఉండిపోయింది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా పోలీసు స్టేషనుకు వెళ్ళి రావడం, దసరాకు ఆయుధ పూజలో పసుపు కుంకుమ పెట్టించుకోవడం, ఇంతవరకే దాని ఉద్యోగం. ఒక విధంగా అదీ మనలాగే రిటైరయినదే.

నేను సర్వీసులో ఉండగా కొన్నేళ్ళు కలెక్టరాఫీసులో ఆయుధ లైసెన్సుల సీటు చూశాను. లైసెన్సు రెన్యువలుకు వచ్చినవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుండేది. "లోపల కాస్త తుప్పు పట్టినట్టుందండీ, పనికొస్తుందంటారా?" ఆ ప్రశ్నకు జవాబు ఏ ఫైలులోనూ దొరకదు. ఆర్మ్‌డ్ రిజర్వులో తుపాకుల మరమ్మతు చూసే ఆర్మరరు ఒకాయన చెప్పగా విన్నవి, ఆ ఆసక్తితో తరువాత చదివినవి కలిపి ఇక్కడ రాస్తున్నాను. గొట్టంలోని తుప్పును చూసి ఆ తుపాకి ఏ కాలపు మందు తిన్నదో, దాని యజమాని అలవాట్లు ఏమిటో చెప్పవచ్చునని తెలిసినప్పుడు నాకు చాలా ఆశ్చర్యం కలిగింది.

తుప్పు అనగానే మనం వానను, తేమను తిట్టుకుంటాం. బయటి తుప్పుకు అది నిజమే. గొట్టం లోపలి తుప్పులో ఎక్కువ భాగం మాత్రం తూటా నుంచి వచ్చినదే.

మొదట పాతకాలపు తుపాకి మందు సంగతి చూద్దాం. దీన్ని ఇంగ్లీషులో నల్ల పొడి అంటారు. మనం నల్లమందు అంటే అభిని అనుకుంటారు కాబట్టి తుపాకి మందు అనే పిలుద్దాం. సురేకారం, గంధకం, బొగ్గు కలిపి చేసేది. సురేకారానికి బీహారు ప్రపంచ ప్రసిద్ధి. ఈ మందు కాలినప్పుడు సగానికి పైగా పొగగా, మసిగా మిగులుతుంది. ఆ మసిలో ఉండే పొటాషియం లవణాలు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. రాత్రికి తుడవకుండా వదిలేస్తే తెల్లారేసరికి గొట్టం ఎర్రబడుతుంది. అందుకే ఆనాటి వేటగాళ్ళు ఎంత అలసి వచ్చినా వేడినీళ్ళతో గొట్టం కడగకుండా నిద్రపోయేవారు కాదు.

1880లలో పొగ రాని మందు వచ్చింది. ఇంగ్లీషువారు 1889లో కార్డైటు తయారు చేశారు. మన దక్షిణాదిన నీలగిరుల్లోని అరువంకాడులో కార్డైటు ఫ్యాక్టరీ 20వ శతాబ్దం తొలి ఏళ్ళలో మొదలయింది. మసి పోయింది కాబట్టి తుప్పు కూడా పోతుందని అందరూ అనుకున్నారు. జరిగింది వేరు. గొట్టాలు మరింత త్వరగా పాడయ్యాయి. శుభ్రంగా తుడిచి, నూనె రాసి పెట్టినా నాలుగు రోజులకు మళ్ళీ ఎర్రమరకలు తేలేవి. కొత్త మందులో ఆమ్లం ఉందని కొందరు, ఉక్కులోనే లోపమని కొందరు వాదించారు.

దోషి మందు కాదు, తూటా అడుగున చిన్న గుండీలా కనిపించే ప్రైమరు. అందులో అగ్గిపుల్ల తలలో వాడే పొటాషియం క్లోరేటు ఉండేది. అది పేలినప్పుడు పొటాషియం క్లోరైడుగా మారి గొట్టమంతా సన్నగా పరుచుకుంటుంది. అది వంట ఉప్పుకు తోబుట్టువు. మనలో బి.పి. ఉన్నవారికి దుకాణంలో అమ్మే తక్కువ సోడియం ఉప్పులో కలిపేది కూడా అదే. పాత మందు రోజుల్లో ఈ ఉప్పు బోలెడు మసిలో కలిసిపోయేది, మసితో పాటు నీళ్ళలో పోయేది. పొగ రాని మందు వచ్చాక మసి లేదు, నీళ్ళతో కడిగేవారూ లేరు. మిగిలింది ఉప్పు, దాని మీద నూనె. నూనెలో ఉప్పు కరగదు. గాలిలో తేమ సుమారు 84 శాతం దాటితే ఈ ఉప్పు తానే నీరు లాక్కుని కరుగుతుంది. మన కోస్తాలో వానాకాలపు తెల్లవారుజాముల్లో తేమ అంతకు చేరడం మామూలే. నూనె పొర కింద ఉప్పునీరు కూర్చుని ఉక్కును తింటూ ఉంటుంది. ఈ సంగతిని అమెరికా గనుల బ్యూరోలో పనిచేసిన విల్బర్ట్ హఫ్ 1922లో ప్రయోగాలతో తేల్చి చెప్పారు.

ఇనుముకు నీరు శత్రువని చిన్నప్పటి నుంచీ విన్నాం. రైఫిలును కాపాడింది మాత్రం నీరే. బ్రిటిషు సైన్యంలో .303 రైఫిలు గొట్టంలోకి మరిగే నీళ్ళు పోయడానికి వంపు తిరిగిన ప్రత్యేకమైన గరాటా ఇచ్చేవారు. నీటితో ఉప్పు కరిగిపోతుంది, ఆ వేడికి గొట్టం తానే ఆరిపోతుంది, ఆ తరువాతే నూనె. ఈ వరుస తెలిసిన వేటగాడి రైఫిలు 80 ఏళ్ళ తరువాత కూడా అద్దంలా ఉంటుంది. తెలియనివాడు ఎంత ప్రేమగా నూనె పట్టించినా అది లోపల చిల్లుల జల్లెడ అవుతుంది. 1920ల చివరికి జర్మనీలోను, అమెరికాలోను తుప్పు తేని ప్రైమర్లు వచ్చాయి. సైన్యపు తూటాల్లో పాత ప్రైమరే రెండవ ప్రపంచ యుద్ధం దాటి కూడా కొనసాగింది.

ఇక తుప్పును అంచనా కట్టడం ఎలా? ముందుగా ఒక మనవి. తుపాకిలో తూటా లేదని తెలిసి ఉన్నా, మళ్ళీ తెరచి కంటితో చూసి, వేలితో తడిమి తేల్చుకోవాలి. ఆ తరువాతే మిగతా మాట. పిల్లలను, కుతూహలపు బంధువులను దూరంగా ఉంచాలి.

బోల్టు తీసి, మూతి దగ్గర తెల్ల కాగితం పెట్టి, వెనుక నుంచి వెలుతురుకు చూస్తే గొట్టం కనిపిస్తుంది. లోపల మెలి తిరిగిన గాళ్ళు, గాడికీ గాడికీ మధ్య గట్లు ఉంటాయి. పొలంలో చాలు, గట్టు అనుకోండి. మసీ, పాత నూనే ఉండగా చూసి ఏమీ చెప్పలేం, ముందు శుభ్రం చేయించాలి. అప్పుడు కూడా గుడ్డకు అంటిన ఎర్రపొడి పోయి ఉక్కు నునుపుగా ఉంటే అది పైతుప్పు, దానికి దిగులు అక్కరలేదు. మిరియాలు చల్లినట్లు నల్ల చుక్కలు మిగిలితే తుప్పు ఉక్కులోకి దిగడం మొదలయిందని అర్థం. చుక్కలు గుంటలై గట్ల అంచులు కరిగిపోయి ఉంటే ఆ గొట్టం ఆయుష్షు దాదాపు అయిపోయినట్లే. గుంటకు ఒక గుణం ఉంది. పైన సూదిమొనంత కనిపించినా లోపల కుండలా వెడల్పుగా ఉండవచ్చు. ఉప్పు చేరిన గుంట అడుగున ఆమ్లగుణం పెరిగి తనను తానే తవ్వుకుంటూ పోతుంది. కనుక పై చూపుకు లోతు తెలియదు.

వేడి వల్ల వచ్చే అరుగుదలను తుప్పుతో కలపకూడదు. కార్డైటు మంట చాలా వేడి. దాని వల్ల తూటా కూర్చునే గదికి ఎదురుగా ఉన్న చోట గాళ్ళు అరిగి, ఎండిన చెరువు నేలలా సన్నని బీటలు పడతాయి. ఇంగ్లీషువారి మొదటి .303 రైఫిళ్ళలో మెట్‌ఫర్డ్ గాళ్ళు ఈ వేడికి ఆగలేకపోతే, 1895లో వాటి స్థానంలో లోతైన ఎన్‌ఫీల్డ్ గాళ్ళు పెట్టవలసి వచ్చింది. అరుగుదల ఒక్కచోట ఉంటే ఆ రైఫిలు ఎక్కువ పేల్చినది. గుంటలు గొట్టం పొడవునా ఉంటే అది పేల్చి కడగకుండా పెట్టినది.

గుంట ఎంత లోతు అన్నదాని కంటే ఎక్కడ ఉన్నదన్నది ముఖ్యం. గొట్టం మధ్యలో అయితే గురి తగ్గుతుంది, మసి పేరుకుంటుంది. తూటా కూర్చునే గదిలో అయితే పేలిన తూటా గొట్టు గోడకు పట్టేసుకుని బయటికి రాదు. బోల్టు ముఖం మీద సూది రంధ్రం చుట్టూ గుంటలుంటే పాత ప్రైమర్ల నుంచి వేడి వాయువు వెనక్కి తన్నిన గుర్తు. అన్నిటికంటే మోసకారి, కట్ట కింద దాగి ఉండే గొట్టం అడుగు భాగం. చెక్కకూ ఉక్కుకూ మధ్య చేరిన చెమట, వాననీరు అక్కడ ఏళ్ళ తరబడి నిలుస్తాయి.

నా సీటు రోజుల్లో ఒక రైతు కుటుంబం వచ్చింది. తండ్రి పోయారు, కొడుకు తన పేర లైసెన్సు కోరాడు. రైఫిలు పైకి తళతళలాడుతున్నది. పంట మీద పడే అడవి పందులను బెదిరించడానికి ఒకటి రెండు పేల్చి చూడాలని అతని ఉద్దేశం. ఆర్మరరు మాట్లాడకుండా మరలు విప్పి కట్ట వేరు చేసి, గొట్టం తిరగేసి చూపించాడు. అడుగున బెత్తెడు మేర గుంటలు, గోరు పెడితే ఆగిపోయేంత లోతు. పైన ఉన్న మెరుపు ఎవరో గరుకు కాగితంతో రుద్దినందువల్ల వచ్చినది. కొడుకు చాలాసేపు ఆ గొట్టాన్ని చేత్తో తడుముతూ ఉండిపోయాడు. "నాన్న ప్రతి ఆదివారం నూనె రాసేవారండీ" అన్నాడు. కట్ట విప్పి చూడాలని ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు. చివరకు వారు తూటాలు కొనకుండా, తండ్రి వస్తువుగా మాత్రమే ఉంచుకుంటామని నిర్ణయించుకున్నారు.

గరుకు కాగితం గురించి ఒక మాట. పాత తుపాకుల మీది గోధుమ, నీలి నలుపు రంగులు పూత కాదు, అవీ ఒక రకం తుప్పే. తయారీదారులు ఉక్కుకు కావాలని ఎర్రతుప్పు పట్టించి, నీళ్ళలో ఉడికించి, అది నల్లబడ్డాక తీగె బ్రష్షుతో దులిపి, మళ్ళీ మళ్ళీ అదే చేసి ఆ రంగు తెచ్చేవారు. మనం శుభ్రం చేస్తున్నామనుకుని ఆ రక్షణనే గీకేస్తాం. పైతుప్పుకు కాస్త నూనె రాసి నానబెట్టి, పాత రాగి కాణీ అంచుతో మెల్లగా గీకడం మంచి పద్ధతి. రాగి ఉక్కు కంటే మెత్తన కాబట్టి తుప్పు పోతుంది, ఉక్కు మిగులుతుంది. చిల్లుకాణీకి కూడా ఉపయోగం ఉన్నదన్నమాట. దసరా నాటి తడి బొట్లు సాయంత్రానికే తుడిచేయాలి, లేకుంటే సంవత్సరానికొక గుండ్రటి మచ్చ మిగులుతుంది. తోలు ఒరలో పెట్టి మూసి ఉంచడం ఇంకా చెరుపు. తోలు తేమనూ, పదును పెట్టేటప్పటి లవణాలనూ పట్టి ఉంచుతుంది.

గొట్టం మీద లండన్ లేక బర్మింగ్‌హామ్ ప్రూఫ్ ముద్రలుంటే చాలామంది ధైర్యపడతారు. బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌసు 1813 నాటి చట్టంతో ఏర్పడింది. ఎక్కువ మందు పెట్టి పేల్చి, తట్టుకున్న గొట్టానికే ముద్ర వేస్తారు. అయితే అది ముద్ర వేసిన నాటి ఆరోగ్యానికే సాక్ష్యం. మనల్ని ఏటా లైఫ్ సర్టిఫికెట్ అడుగుతారు గాని, సర్వీసులో చేరేటప్పుడు ఇచ్చిన మెడికల్ సర్టిఫికెట్ చూసి పెన్షను ఇవ్వరు గదా.

పేల్చడానికి పనికిరానంత మాత్రాన విలువ పోదు. చంపావత్ నరభక్షక పులిని చంపినందుకు 1907లో జిమ్ కార్బెట్‌కు బహూకరించిన .275 రిగ్బీ రైఫిలు ఆయన మరణానంతరం చాలాకాలం ఆయన పుస్తకాలు వేసిన ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ వద్ద ఉండి, తరువాత దాన్ని తయారు చేసిన కంపెనీకే చేరింది. దాని కట్ట మీది వెండి రేకును గాని, చేతి రాపిడికి అరిగిన చోట్లను గాని కొత్తగా చేయాలని ఎవరైనా అనుకుంటారా?

ఇక లైసెన్సు సంగతి. యజమాని పోయాక తుపాకిని ఇంట్లో ఉంచుకోవడం చట్ట విరుద్ధం. 1959 ఆయుధ చట్టం 21వ సెక్షను ప్రకారం ఆలస్యం లేకుండా పోలీసు స్టేషనులో గాని, లైసెన్సు ఉన్న డీలరు వద్ద గాని డిపాజిట్ చేసి రసీదు తీసుకోవాలి. 2016 ఆయుధ నియమావళిలో మనకు పనికివచ్చే వెసులుబాటు ఒకటున్నది. లైసెన్సుదారుకు 70 ఏళ్ళు నిండినా, ఆయుధం తన వద్ద 25 ఏళ్ళు ఉన్నా, ఏది ముందైతే అప్పుడు, ఆయన బతికి ఉండగానే వారసుని పేర దరఖాస్తు చేయవచ్చు. 2019 సవరణ తరువాత ఒకరికి రెండు ఆయుధాలకు మించి ఉండరాదు. దరఖాస్తుకు ముందే లైసెన్సు ఉన్న ఆర్మరరు వద్దకు లైసెన్సు పుస్తకంతో సహా తుపాకిని తీసుకువెళ్ళి, కట్ట విప్పి అడుగు భాగం కూడా చూడమని అడగండి. ఇంట్లో ఉన్న పాత తూటాలను ఎవరూ లెక్క చూసుకోరు. వాటిని కూడా అదే రోజు వెంట తీసుకువెళ్ళి డీలరుకు అప్పగించి, ఆ రసీదు లైసెన్సు పుస్తకంలోనే పెట్టుకోండి.