తుప్పును మోతాదులో పట్టించి: పొరల అర్ధవాహకాల్లో కాంతి స్పందన

నల్ల భాస్వరం రేకుకు గాలి, తేమ, వెలుతురు మూడూ ఒకేసారి తగిలితే నిలవదు. అణువుల మందంలో ఉండే పొరల అర్ధవాహకాలతో పనిచేసేవారు వాటిని గ్లవ్ బాక్సుల్లో, జడవాయువు మధ్య దాచుకునేది అందుకే. అదే ఆక్సీకరణాన్ని అదుపులో జరిపిస్తే కాంతి గ్రాహకాల స్పందనను కావలసిన వైపు మళ్లించవచ్చని గత దశాబ్దపు ప్రయోగాలు చూపాయి. ఇందులో సందేహం లేదు. ఆ మేలును ఏ కొలతతో చెబుతున్నామన్న దగ్గరే పేచీ.

ముందు టంగ్‌స్టన్ డైసెలినైడ్ సంగతి. జపాన్‌లోని జాతీయ పదార్థ విజ్ఞాన సంస్థలో యమమోటో బృందం 2015లో దీన్ని ఓజోన్‌కు గురిచేసింది. దాదాపు 100 డిగ్రీల సెల్సియస్ లోపు పై పొర మాత్రమే ఆక్సైడ్‌గా మారి, చర్య తనంతట తానే ఆగిపోయింది. ఏర్పడిన ఆక్సైడే కింది పొరలకు కవచమైంది. వేడి పెంచితే తర్వాతి పొరలూ వరుసగా మారతాయి. గడియారం చూసి ఆపాల్సిన పని లేకుండా, ఉష్ణోగ్రతే మందాన్ని నిర్ణయించడం ఇక్కడి అసలు విశేషం.

ఈ ఆక్సైడ్‌కు ఎలక్ట్రాన్లను లాక్కునే గుణం ఎక్కువ. కింది పొర నుంచి ఎలక్ట్రాన్లు పైకి పోవడంతో అక్కడ రంధ్రాల (ఎలక్ట్రాన్లు వదిలిన ఖాళీల) సాంద్రత పెరుగుతుంది, లోహపు స్పర్శల వద్ద నిరోధం తగ్గుతుంది. రేకులో కొంత భాగాన్ని కప్పి మిగతాది ఆక్సీకరిస్తే, రెంటి మధ్య సంధిలో అంతర్గత విద్యుత్ క్షేత్రం ఏర్పడి, కాంతి పుట్టించిన ఆవేశాలను విడదీస్తుంది. మోతాదు మించితే మాత్రం వెలుతురు లేనప్పుడు కూడా ప్రవాహం ఎక్కువగా పారుతుంది. మసక కాంతి ఆ రొదలో కలిసిపోతుంది.

హాఫ్నియం డైసల్ఫైడ్‌ది వేరే దారి. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లేజర్ కిరణంతో ఎంచుకున్న చోటే దాన్ని ఆక్సీకరించారు. ఆ మచ్చ చుట్టూ స్ఫటికంలో ఒత్తిడి ఏర్పడి, శక్తి అంతరం చోటుచోటుకూ కొద్దికొద్దిగా మారింది. ఒత్తిడి ఉన్న పదార్థంలో ఆవేశాలు సాధారణంగా సాగిన చోటికి వచ్చి చేరతాయి. 2018లో ప్రచురితమైన ఈ పనిలో అవి అందుకు విరుద్ధంగా, ఒత్తిడి లేని భాగం వైపు జరిగాయి. కాంతి పడిన చోటి నుంచి ఆవేశాలను తరలించి మరోచోట సేకరించుకోవచ్చన్నమాట. రసాయన చర్యతో విద్యుత్ క్షేత్రాన్ని గీయడం నాకు ఓజోన్ పద్ధతి కన్నా ఆసక్తికరంగా తోస్తుంది.

ఇక కొలత. ఒక్కో ఫోటాన్‌కు ఒక్కో ఎలక్ట్రాన్ లెక్కన, 561 నానోమీటర్ల కాంతికి వాట్‌కు 0.45 ఆంపియర్లకు మించి స్పందన రాదు. 2013లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్ పరిశోధకులు ఒంటిపొర మాలిబ్డినం డైసల్ఫైడ్‌తో ఇదే తరంగదైర్ఘ్యం వద్ద 880 చూపారు. పడిన ప్రతి ఫోటాన్‌నూ పీల్చుకుందనుకున్నా, ఇది దాదాపు 2,000 రెట్ల వృద్ధి. మూల్యం మాటేమిటి? ఆ పరికరం కాంతి ఆగాక తేరుకోవడానికి సెకన్లు పట్టింది. ఆవేశాలను పట్టి ఉంచే లోపాల్లో, అంటే ఉచ్చుల్లో, ఒక రకం ఆవేశం చిక్కుకుని ఉన్నంతసేపూ రెండో రకం వాహికలో తిరుగుతూనే ఉంటుంది. వృద్ధీ, ఆలస్యమూ ఒకే మూలం నుంచి వస్తాయి.

ఆక్సీకరణం ఇలాంటి ఉచ్చులనూ పుట్టించగలదు. కాబట్టి స్పందన ఎన్ని రెట్లు పెరిగిందో ఒక్కటే చెబితే ఏమీ తేలదు. కాంతి తీవ్రత పెంచుతూ కొలిస్తే కొంత ఆచూకీ దొరుకుతుంది. ఉచ్చులు నిండేకొద్దీ వాట్‌కు వచ్చే ప్రవాహం తగ్గిపోతుంది. ఆవేశాలను విడదీసే సంధి వల్ల వచ్చిన స్పందన చాలా మేర స్థిరంగా నిలుస్తుంది. అదే రేకు మీద, ఆక్సీకరణానికి ముందూ తర్వాతా, చీకటి ప్రవాహాన్నీ తేరుకునే కాలాన్నీ కూడా జతచేసి కొలిచినప్పుడే ఓజోన్ పద్ధతినీ లేజర్ పద్ధతినీ పక్కపక్కన పెట్టి పోల్చడం కుదురుతుంది.