దారి పొడవు, పరిచర్య హద్దు

ఆస్ట్రేలియా లోతట్టు ఎడారి ప్రాంతాల కొరకు ప్రెస్బిటేరియన్ సంఘము 1912లో రెవ. జాన్ ఫ్లిన్ నాయకత్వమున ఇన్‌ల్యాండ్ మిషన్‌ను స్థాపించెను. దాని సేవకులు ఒంటెలపై, తరువాత కార్లలో, వందల మైళ్లు తిరిగి ఒంటరి కుటుంబాలను దర్శించిరి.

1917లో హాల్స్ క్రీక్ వద్ద పశువులు తోలే జిమ్మీ డార్సీ గాయపడెను. పెర్త్ నుండి డాక్టరు హాలండ్ టెలిగ్రాఫ్‌లో సూచనలివ్వగా పోస్టుమాస్టరు టకెట్ శస్త్రచికిత్స చేసెను. డాక్టరు ఓడలో డెర్బీకి వచ్చి, అక్కడినుండి కారులో బయలుదేరి చేరుసరికి, డార్సీ ముందురోజే మరణించియుండెను. ఈ మరణము ఫ్లిన్‌ను కదిలించెను. 1928లో క్లాన్‌కరీ నుండి మిషన్ వైద్యవిమానము ఎగిరెను.

అయితే ఆ పరిచర్య ప్రధానముగా తెల్లవారి కొరకే సాగెను. ఆ దారుల పొడవునా నివసించిన ఆదివాసులను మిషన్ చాలావరకు విడిచిపెట్టెనను విమర్శ కలదు. యెరికో త్రోవలో యాజకుడు, లేవీయుడు కూడా ప్రయాణికులే. మనము ఎంత దూరము వెళ్లితిమో లెక్కించునప్పుడు, ఎవరిని దాటిపోతిమో కూడా లెక్కించుదము.