మహిసాక్షి: సుశ్రుతుని నుండి కణకేంద్రకము వరకు

పూజాద్రవ్యములమ్ము అంగడిలో సాంబ్రాణి ప్రక్కన మహిసాక్షి యను పేర దొరకు జిగురు, కచ్ఛ దేశపు మెట్టలయందును మారువాడ బీళ్లయందును మెల్లగా పెరుగు ఒక ముళ్లపొదనుండి వచ్చునది. చలికాలమున బెరడునకు గాటుపెట్టగా చిక్కని రసమూరి, గాలికి గట్టిపడి, ముద్దలై చేతికి వచ్చును; ఆ గాట్లు శ్రుతిమించి పొదలే ఎండిపోవుటచే, నేడది అంతరించు ప్రమాదము మిక్కిలిగా నున్న జాతులలో చేరినది.

సంస్కృత వైద్యులు దీనిని గుగ్గులువనిరి. సుశ్రుతుడు స్థౌల్యమునకు చికిత్స చెప్పుచు శిలాజతువు, గోమూత్రము, త్రిఫలములు మున్నగువానితోపాటు గుగ్గులువును పేర్కొనుటయే గాక, క్రొత్తది దేహమును పుష్టిపరచుననియు, ప్రాతబడినది కృశింపజేయుననియు వేరుపరచి చెప్పెను. ఈ రెండవ మాట నాకు మిక్కిలి విలువైనదిగా తోచును. ఒకే ద్రవ్యము వయస్సును బట్టి గుణము మార్చుకొనునని పలుకుటకు చదివిన శ్లోకము చాలదు, చూచిన రోగి కావలెను.

కాశీ హిందూ విశ్వవిద్యాలయమున 1966లో జి. వి. సత్యవతి సమర్పించిన సిద్ధాంతవ్యాసము ఈ ప్రాచీన వాక్యమును ప్రయోగశాలకు తెచ్చెను. సుశ్రుతుని మేదోరోగ వర్ణనకును, రక్తనాళములలో క్రొవ్వు పేరుకొని అవి బిరుసెక్కు వ్యాధికిని గల పోలికను గమనించి, కుందేళ్లకు గుగ్గులువునిచ్చి, వాని రక్తమున కొలెస్టరాల్ తగ్గుట ఆమె చూపెను. (భారత వైద్య పరిశోధన మండలికి తరువాత ఆమెయే తొలి మహిళాధిపతి.) 1972లో సుఖదేవ్ మొదలగు రసాయనజ్ఞులు అందలి గుగ్గులుస్టెరోనులను వర్ణించిరి, లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థ గుగ్గులు సారమును 'గుగులిప్' అను మందుగా తీర్చెను.

అది ఏ రీతిని పనిచేయునను ప్రశ్నకు సమాధానము వేరొక త్రోవను వచ్చెను. షికాగోలో ఎల్వుడ్ జెన్సెన్ 1950ల చివర రేడియోధార్మికమైన ఈస్ట్రోజెనును ఎలుకలకిచ్చి, అది గర్భాశయ కణములలో ఒక ప్రోటీనునంటి నిలుచుట కనుగొనెను. 1985 మొదలు అట్టి ప్రోటీనుల జన్యువులు చేజిక్కగా, పోలికను బట్టి వెదకిన కొలదియు మరికొన్ని బయటపడి, కణకేంద్రకమున పనిచేయు ఇట్టి ప్రోటీనులు, అనగా కేంద్రక గ్రాహకములు, మనుష్యదేహమున 48 లెక్కకు వచ్చినవి. దేనిని గ్రహించునో తెలియనివానిని శాస్త్రజ్ఞులు అనాథలనిరి. అందొకటి ఎఫ్.ఎక్స్.ఆర్.; అది గ్రహించునవి పిత్తామ్లములని 1999లో తేలెను.

కాలేయము కొలెస్టరాలును పిత్తామ్లములుగా మార్చి ప్రేగులకు పంపును. వానిలో అధికభాగము మరల కాలేయమునకే చేరును. అవి మితిమీరినపుడు ఎఫ్.ఎక్స్.ఆర్. వానినంది, జన్యువులపై నిలిచి, ఎస్.హెచ్.పి. అను మరియొక ప్రోటీనును పుట్టించి, దానిచే కొలెస్టరాలును విరుచు ఎంజైము పుట్టుకను అణపించును – కొట్టు నిండెనని తెలిసిన షావుకారు గానుగ నాపించినట్లు.

2002లో అమెరికాలోని హూస్టన్, డల్లస్ పరిశోధకులు గుగ్గులుస్టెరోను ఎఫ్.ఎక్స్.ఆర్.నకు విరోధి, అనగా దాని పనికి అడ్డుపడునది, యనియు, ఆ గ్రాహకము లేని చుంచెలుకలలో దాని ప్రభావము కానరాదనియు ప్రకటించిరి. కథ అంతటితో ముగిసినచో ఎంత సొంపుగా నుండెడిది! మరుసటి యేడే ఫిలడెల్ఫియాలో 103 మందిపై 8 వారములు జరిగిన పరీక్షలో, ఉత్తుత్తి మాత్ర తిన్నవారికి చెడు కొలెస్టరాల్ 5 శాతము తగ్గగా, గుగ్గులుసారము తిన్నవారికి, మోతాదును బట్టి, 4, 5 శాతము పెరిగెను. కొందరికి దద్దులును లేచెను. పిమ్మట గుగ్గులుస్టెరోను ఇతర గ్రాహకములను సైతము తాకునని తెలియవచ్చెను.

దీనిని సుశ్రుతుని ఓటమి యనను. యవలు, పెసలు, ఆరికలు గల ఆహారమును, వ్యాయామమును ఆయన మందుతో కలిపియే విధించెను, ఫిలడెల్ఫియాలో తూచినది సారమొక్కటియే. ఆ చికిత్సనంతటిని అంతే నిక్కచ్చిగా తూచి చూపువరకు, సుశ్రుతుని పేరో ఎఫ్.ఎక్స్.ఆర్. పేరో చెప్పి కొలెస్టరాలునకు గుగ్గులు మాత్రలమ్మువారి మాట పాఠకులు నమ్మకుందురుగాక.