ఊటీ ఎందుకు, ఊరి చెరువు ఉండగా



పరీక్షలయిపోయాయి. బళ్లు మూసేశారు. ఇక పొద్దున లేచింది మొదలు పిల్లలది ఒకటే గోల, "అమ్మా, ఎక్కడికైనా వెళ్దామే!" అని. పక్కింటివాళ్లు ఊటీ పోతున్నారట, ఎదురింటివాళ్లు కొడైకెనాల్ పోతున్నారట. మనం మాత్రం మేడమీద వడియాలు పెట్టుకుంటూ, ఆవకాయకు కారం దంపించుకుంటూ కూర్చున్నామని వాళ్ల బాధ. శ్రీవారినడిగితే సెలవు లేదంటారు. సెలవున్నప్పుడు డబ్బుండదు. పిల్లలకూ, ఉద్యోగస్తులకూ సెలవులున్నాయి గాని, ఇల్లాలికి సెలవన్నది ఏ క్యాలెండర్లోనూ ఉండదు కదూ!

అందుకని ఈవేళ వేసవి ప్రయాణాల కథ కాస్త ముచ్చటించుకుందాం. అసలు ఎండాకాలం వస్తే కొండలకు పోవాలన్న ఆలోచన ఎవరిది? అది రాకముందు మన పెద్దవాళ్లు ఎండలను ఎలా వెళ్లబుచ్చారు?

చల్లని కొండలకు పోవడం మనకు తెల్లదొరలు నేర్పిన అలవాటు. వాళ్లు మన ఎండలకు తాళలేకపోయారు. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివాన్ 1820ల్లో నీలగిరుల మీద ఇల్లు కట్టించుకున్నాడు. ఊటీకి అది నాంది. 1864 నుంచి దేశాన్నేలే దొరతనం ఎండాకాలమంతా సిమ్లాకు తరలేది. 1870 ప్రాంతం నుంచి మద్రాసు ప్రభుత్వం కూడా ఊటీకి మకాం మార్చేది. ఆ రోజుల్లోనే కడప కలెక్టరుగా ఉన్న హార్స్లీ దొర మదనపల్లె దగ్గర ఏనుగు మల్లమ్మ కొండ మీద బంగళా కట్టుకున్నాడు. పాపం, మల్లమ్మ పేరు వెనక్కి పోయి, ఆ కొండ హార్స్లీ కొండ అయి కూర్చుంది.

దొరలు కొండెక్కితే కింద ఉన్నవాళ్లేం చేశారు? దీనికి జవాబు కావాలంటే మార్కాపురం, గిద్దలూరు వైపు రావాలి. ఎండ ఎలా ఉంటుందో, నీటి విలువ ఏమిటో ఆ సీమ ఆడవాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది చెప్పండి! పడమట నల్లమల, తూర్పున వెలిగొండలు. మధ్యన మెట్టపొలాలు. పైన మబ్బు కనపడుతుంది గాని కింద చినుకు పడదు. పక్కనే ఉన్న పల్నాటిలో అన్నానికీ నీళ్లకూ పడ్డ పాట్లు శ్రీనాథుడి పేరున ఉన్న చాటువుల్లో వినే ఉంటారు. ఆ పాట్లు పల్నాటి పొలిమేర దగ్గరే ఆగలేదు.

ఇలాంటి చోట ఊరి పేర్లు కూడా దాహంగానే ఉంటాయి. పల్నాటికి ఆనుకుని ఉన్న మండలం పేరు చూడండి, పుల్లలచెరువు. గిద్దలూరు దారిలో రాచెర్ల ఉంది. చెర్ల అన్నా చెరువు మాటే. ఊరు వెలిస్తే దాని పక్కన చెరువు తవ్వుకున్నారనుకుంటాం. కాదు, ముందు చెరువు వెలిస్తేనే దాని పక్కన ఊరు నిలిచింది. పొద్దు వాలాక ఆడవాళ్లు బిందెలతో ఆ కట్ట మీదకే వెళ్లేవాళ్లు. నీళ్లూ అక్కడే, మాటలూ అక్కడే, చల్లగాలీ అక్కడే. అదే వాళ్ల ఊటీ!

వీటన్నిటికీ పెద్దమ్మ కంభం చెరువు. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ వాగై, ఏరై కిందికి దిగుతుంది. రెండు కొండల మధ్య సందు చూసి అక్కడ ఆ ఏటికి అడ్డుకట్ట వేశారు. దొరల నాటి గెజిటీరు ఆ కట్ట ఎత్తు 57 అడుగులని రాసింది. నిండితే చెరువు 7 కిలోమీటర్ల పొడవు, మూడున్నర కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. యంత్రాలు లేని కాలంలో, తట్టా పారా తప్ప ఏమీ లేని చేతులు ఏటిని ఆపాయంటే ఆశ్చర్యం కాదూ!

ఈ చెరువు కట్టించింది ఒక ఆడమనిషని అక్కడివాళ్లు తరతరాలుగా చెప్పుకుంటారు. గెజిటీరు కూడా ఆమె పేరే రాసింది. శ్రీకృష్ణదేవరాయలు ఒరిస్సా గజపతుల మీద దండెత్తి 1514లో ఉదయగిరి, 1515లో కొండవీడు గెలిచాడు. చివరికి ప్రతాపరుద్ర గజపతి సంధి చేసుకుని కూతుర్ని రాయలకిచ్చి పెళ్లి చేశాడు. ఆమెను వరదరాజమ్మ అని కొందరంటారు, రుచీదేవి అని కొందరంటారు, తుక్కాదేవి అనీ అంటారు. పేరేదైనా కథ ఒకటే. శత్రువు కూతురు. యుద్ధం ముగించడానికి ఇచ్చిన పిల్ల. అంతఃపురంలో ఆదరణ దొరకలేదు. భర్తకు దూరమై కంభంలో కాలం గడిపిందట. తుక్కా పంచకం అని సంస్కృతంలో ఐదు శ్లోకాలు ఆమె పేరున ఉన్నాయి. తనలోని గుణం గుర్తించనివాడి గురించి పడ్డ వేదన వాటిలో ఉంటుందని పండితులు చెబుతారు.

నేను మిమ్మల్ని ఒక్క క్షణం ఆలోచించమనేది ఇక్కడే. పుట్టిల్లు ఎక్కడో మహానది దగ్గర. మెట్టినింట మాట్లాడే మనిషి లేడు. అలాంటి మనిషి నాలుగు గోడల మధ్య కుమిలిపోయి ఉంటే ఎవరైనా తప్పు పడతారా? కాని ఆ ఊరి ఆడవాళ్ల ఖాళీ బిందెలు ఆమె కంట పడ్డాయి. ఐదు శ్లోకాలు చదివినవాళ్లు కొద్దిమందే ఉంటారు. ఆ చెరువు నీళ్లు తాగి బతికినవాళ్లను లెక్కపెట్టగలమా? రాయల విజయస్తంభాలు దేశంలో ఎన్ని ఉన్నా, 500 ఏళ్లుగా అన్నం పెట్టింది మాత్రం ఆయన వద్దనుకున్న భార్య పేరున ఉన్న చెరువు.

ఆ రోజుల్లో చెరువు తవ్వడం గుడ్డి పని అనుకోకండి. గిద్దలూరు దాటి దక్షిణంగా పోతే పోరుమామిళ్ల వస్తుంది. అక్కడి చెరువును బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు తవ్వించి, 1369లో శాసనం వేయించాడు. మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలు ఆ రాళ్ల మీద చెక్కారు. ధర్మం తెలిసిన ప్రభువు, నీటి శాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి నేల, దూరం నుంచి వచ్చే తియ్యని నీటి ఏరు, లోతైన గర్భం, దగ్గరలో రాతి గని, చేయి తిరిగిన పనివాళ్లు, ఇలా సాగుతుంది. 6 దోషాలు కూడా చెప్పారు. కట్ట ఊట కారకూడదు, చవుడు నేల కాకూడదు, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండకూడదు, నడుమ మెరక ఉండకూడదు, నీళ్లు తక్కువై పొలం ఎక్కువ కాకూడదు, పొలం తక్కువై నీళ్లు ఎక్కువ కాకూడదు. మనం పెళ్లిసంబంధాలు చూసినట్టు, ఏటికీ నేలకూ ఈడూ జోడూ చూశారన్నమాట! రోజుకు 1000 మంది కూలీలు, 100 బండ్లు, 2 ఏళ్ల పని అని లెక్క కూడా ఉంది. ఆ 1000 మందిలో తట్ట మోసిన తల్లులెందరో శాసనం చెప్పలేదు గాని, మట్టిపని ఎక్కడ ఆడవాళ్లు లేకుండా సాగింది?

ఈ రెండు చెరువులనూ 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ ప్రపంచ వారసత్వ నీటి కట్టడాలుగా గుర్తించింది. ఎక్కడో ఢిల్లీలోని సంస్థకు కనపడిన గొప్పతనం కంభం చెరువుకు రైలు దూరంలో ఉన్న మనకు కనపడక్కర్లేదా?

కట్టడం ఒక ఎత్తు, కాపాడుకోవడం ఒక ఎత్తు. చెరువు తవ్వినవాడికీ, తెగితే బాగుచేసినవాడికీ పూర్వం దశబంధ మాన్యమని చెరువు కింద భూమి ఇచ్చేవాళ్లు. ఎండాకాలంలో నీళ్లు తగ్గగానే రైతులు పూడికమట్టి తవ్వి పొలాలకు తోలుకునేవాళ్లు. చెరువుకు లోతు, చేనుకు సత్తువ. 1800లో నిజాము ఈ సీమను కుంపిణీకి ఇచ్చేశాడు. తర్వాత తర్వాత చెరువులు సర్కారు శాఖల చేతికి పోయాయి. ఊరి చేతిలో ఉన్న పార ఊరి చేతిలోంచి జారింది. 1876-78లో ధాత కరువు వచ్చినప్పుడు ఘోరంగా దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు ఒకటి. మార్కాపురం, కంభం అప్పుడు ఆ జిల్లాలోవే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడ్డాక గాని ఈ తూర్పు గాలి తగలలేదు. 1972లో దానికి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. జిల్లాలు మారాయి, పేర్లు మారాయి. బిందె మాత్రం మారలేదు. కృష్ణనీళ్లు తెచ్చే వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగితే, ఒక తరం పిల్లలు పెద్దవాళ్లై, పెళ్లిళ్లై, తల్లులయ్యారు.

ఇదంతా చెప్పి మిమ్మల్ని బెంగపెట్టాలని కాదండీ. ఈ సెలవుల్లో పిల్లలను ఎక్కడికి తీసుకెళ్లాలన్న ప్రశ్నకు ఇదే జవాబు. వర్షాకాలంలో చెరువు నీళ్లనే చూపిస్తుంది. ఎండాకాలంలో తన ఒళ్లు చూపిస్తుంది. నీరు తగ్గినప్పుడే కట్టకు పేర్చిన రాళ్లు, తూము, బీటలు వారిన అడుగు కనపడతాయి. పూడిక ఎంత పేరుకుందో, ఎవరు ఎంత ఆక్రమించారో కూడా అప్పుడే తెలుస్తుంది. చెరువు కథ చదవడానికి ఇంతకన్నా మంచి రుతువు లేదు.

మార్కాపురం రోడ్డులో పొద్దున్నే రైలెక్కితే తర్లుపాడు తర్వాత కంభమే. పెరుగన్నం, ఊరగాయ ముక్క, మజ్జిగ చెంబు తీసుకెళ్లండి. తాటిముంజలు దారిలో దొరుకుతాయి. ఎండ ముదరకముందే కట్ట చూసి నీడ పట్టుకోవాలి. నీళ్లున్నచోట పిల్లల చెయ్యి వదలకండి. పూడిక మెత్తగా ఉంటుంది, కాలు దిగబడితే కష్టం.

ఇంకో వారం త్రిపురాంతకం పెట్టుకోవచ్చు. పుల్లలచెరువు వాళ్లకు అది పక్క మండలమే. శ్రీశైలానికి తూర్పు ద్వారమంటారు. కొండమీద త్రిపురాంతకేశ్వరుడు, కింద చెరువులో బాలా త్రిపురసుందరి. గుడి చుట్టూ శాసనాలే శాసనాలు. రుద్రమదేవి మీద తిరగబడ్డ కాయస్థ అంబదేవుడు తన విజయాలన్నీ 1290లో ఇక్కడే చెక్కించుకున్నాడు. మరుసటి ఏడాదికే కాకతీయుల పక్షంవాళ్లు ఈ చోటు మళ్లీ పట్టుకున్నారు. గెలుపు ఎన్నాళ్లుంటుందో పిల్లలకు పాఠం చెప్పనక్కర్లేదు, ఆ రాయి చూపిస్తే చాలు.

గిద్దలూరు వైపువాళ్లకు నెమలిగుండ్ల రంగనాయకస్వామి ఉన్నాడు. అడవిలో గుండ్లకమ్మ గుండం పక్కన గుడి. శనివారమే దర్శనం. బేస్తవారిపేట దగ్గర మోక్షగుండం ఉంది. ఆ పేరు విన్నట్టుందా? ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పూర్వీకులది ఆ ఊరే. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచేస్తే కాపాడే ఉపాయం చెప్పడానికి ఆయన్నే పిలిపించారు. నీటి చదువు ఆయన రక్తంలోనే ఉందేమో! మార్కాపురంలో చెన్నకేశవస్వామి గోపురం చూశాక, పలకల రాయి తీసిన గనుల వైపు కూడా ఒకసారి పోయి రండి. మనం అఆలు దిద్దిన పలక ఆ నేలలోంచి వచ్చిందే. సెల్‌ఫోను తెర మీద వేలు తిప్పే పిల్లలకు పలక రాయి చేతికిస్తే, దాని చల్లదనం వాళ్లకే తెలుస్తుంది.

మీరు ఏ పట్నంలో ఉన్నా సరే, మీ ఊళ్లోనూ ఒక చెరువుండే ఉంటుంది. దాని మీద బస్టాండో, కాలనీయో లేచి ఉండవచ్చు. అయినా పేరు మిగిలే ఉంటుంది. వీధిలో పెద్దావిడ ఎవరైనా ఉంటే అడగండి, "పిన్నిగారూ, మీ చిన్నప్పుడు నీళ్లెక్కడినుంచి తెచ్చుకునేవారు?" అని. ఆ జవాబు వెంట పిల్లల చెయ్యి పట్టుకుని నడవండి. ఒక పూట ప్రయాణం. బస్సు చార్జీకి మించి ఖర్చుండదు. ఊటీ చూసొచ్చిన పిల్లలు ఫోటోలు దాచుకుంటారు. చెరువు చూసొచ్చిన పిల్లలు రేపు దాన్ని పూడ్చేవాళ్లను "ఎందుకు పూడుస్తున్నారు?" అని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్న అడిగేవాళ్లు లేకనే ఎన్నో చెరువులు పోయాయి.

వెళ్లే రోజు వంట కాస్త తేలిగ్గా చేసుకోండి. వడియాలు ఇంకో రోజు పెట్టుకోవచ్చు. ఎండ ఎక్కడికీ పోదు! కట్ట మీద చెట్టు నీడ దొరికితే పిల్లలను ఆడుకోనిచ్చి మీరు కాసేపు ఊరికే కూర్చోండి. ఆ నీడా, ఆ గాలీ ఎవరో ఒక ఇల్లాలు మనకోసం 500 ఏళ్ల కిందట మిగిల్చిపోయినవే. వాటిని అనుభవించే హక్కు మనకుంది, మన తర్వాతివాళ్లకు మిగల్చవలసిన బాధ్యతా ఉంది.