సీసా బరువు తగ్గిన కథ

గోలీసోడా త్రాగినవారందరును ఆ సీసా బరువు ఎరిగినవారే. లండనులో హైరం కాడ్ అను నతడు 1872లో పేటెంటు పొందిన సీసా అది. లోపలి వాయువే గోలీని పైకి నెట్టి, మూతివద్దనున్న రబ్బరు వలయమునకు అదిమిపెట్టును. ఉపాయము చక్కనిదే. కాని సోడాలోని బొగ్గుపులుసు వాయువు మూడు, నాలుగు వాతావరణముల పీడనము కలిగించును. ఎండలో ఇంకను హెచ్చు. దానిని తట్టుకొనుటకు గాజు దళసరిగా ఉండవలెను. చిన్న సీసాలలో తరచు పానీయముకంటె గాజే ఎక్కువ బరువు. వ్యాపారి చెల్లించు బండికిరాయిలో పెద్దభాగము గాజును మోసినందుకే. పగిలినది వేరే నష్టము.

1933లో ఇంగ్లండులో ఐ.సి.ఐ. కంపెనీ రసాయనికులు ఫాసెట్, గిబ్సన్‌లు అనుకోకుండ పాలిథిలీన్‌ను కనుగొనిరి. 1947లో అమెరికాలో స్టోపెట్ అను చెమటవాసన నివారిణి, నొక్కగానే చిమ్ము ప్లాస్టిక్ సీసాలో వెలువడి బాగుగా అమ్ముడుపోయినది. పిమ్మట పాలు, బట్టలుతుకు ద్రవములు కూడ ప్లాస్టిక్ సీసాలలోనికి వచ్చినవి. సోడా మాత్రము లొంగలేదు.

డ్యూపాంట్ కంపెనీ ఇంజనీరు నెథానియల్ వైత్ (చిత్రకారుడు ఆండ్రూ వైత్‌కు అన్న) ఒక ఖాళీ ప్లాస్టిక్ సీసాలో అల్లపుసోడా పోసి, మూతబిగించి, రాత్రి రిఫ్రిజిరేటరులో ఉంచెను. తెల్లవారుసరికి అది ఉబ్బి అరల నడుమ ఇరుక్కుపోయినది! కారణమేమి? ప్లాస్టిక్‌లోని గొలుసువంటి బృహదణువులు చిక్కుపడి అడ్డదిడ్డముగా నుండును. సాగదీసినచో అవి ఒక వరుసకు వచ్చి బలపడును. నైలాన్ దారమునకు గట్టిదనము ఇట్లే వచ్చుచున్నది. దారమును ఒకదిక్కున లాగిన చాలును, సీసాను నిలువునను అడ్డమునను కూడ లాగవలెను.

ఇందుకు అనువైన పదార్థము బట్టల పరిశ్రమలో అప్పటికే ఉన్నది. 1941లో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనువారు కనిపెట్టిన టెరిలీన్, అనగా మనవారు ముచ్చటపడి తొడిగిన టెర్లిన్ చొక్కాల పదార్థమే, సీసాలకు ‘పెట్’ అను పేరుతో వచ్చినది. పరీక్షనాళికవంటి మందపు గొట్టమును సుమారు 100 డిగ్రీల సెంటిగ్రేడుకు వేడిచేసి, లోపల కడ్డీతో పొడవునకు సాగదీయుచు, గాలినూది వెడల్పు చేయుదురు. వైత్‌కు 1973లో పేటెంటు లభించినది.

అంగడిలో గెలుపు అంత సులభముగా రాలేదు. అక్రిలోనైట్రైల్‌తో చేసిన మరొక సీసాను మాన్‌శాంటో కంపెనీ అప్పటికే తయారుచేయుచుండెను. ఆ పదార్థము పానీయములోనికి దిగవచ్చునన్న శంకతో అమెరికా ప్రభుత్వము 1977లో దానిని నిషేధించినది. పోటీదారు తొలగిపోగా, రెండు లీటర్ల పెట్ సీసా త్వరలోనే దుకాణములను నింపినది. నేడు దాని బరువు సుమారు 50 గ్రాములు. గాజులో అంత పెద్ద సోడాసీసా ఇంటిలో ఉంచుకొనుటకు జంకవలసినదే. కనుక గిరాకి దాహమువలన మాత్రమే పెరుగలేదు, సీసాయే కొంత గిరాకిని పుట్టించినదని నా అభిప్రాయము.

గాజుసీసాను దుకాణమునకు తిరిగియిచ్చి డిపాజిట్టు తీసుకొనెడివారము. తేలికసీసాను ఎవరు తిరిగిత్తురు? ఆ ఖర్చు కంపెనీ లెక్కలనుండి ఊరి చెత్తకుప్పకు మారినది. చిత్తుకాగితములు ఏరుకొనువారి బుట్టలకు కూడ. మనదేశపు 2022 నిబంధనలు గట్టి ప్లాస్టిక్ ప్యాకింగులో తిరిగివాడిన ప్లాస్టిక్ 2025–26లో 30 శాతము, 2028–29 నాటికి 60 శాతము ఉండవలెనని లక్ష్యము విధించినవి. చిక్కు రసాయనశాస్త్రములోనే ఉన్నది: పెట్‌ను కరగించినప్పుడు తడి ఏమాత్రము మిగిలినను నీరు ఆ గొలుసులను త్రెంచును, పొట్టిగొలుసుల సీసాకు పీడనము నాపు బలము తగ్గును. అందుచేత పాతసీసాల ముక్కలను కడిగి, ఎండబెట్టు పనియే ఆ కర్మాగారములలో ముఖ్యమైనది.