కరాచీ–బొంబాయి: మారని దూరము, మారిన కాలము

తరగతిలోని గోళము మీద కరాచీ, బొంబాయి నగరములను ఒక దారముతో కలిపి బిగించి పట్టినచో, ఆ దారమే వాటి నడుమ గల అతి దగ్గరి దారి. లెక్క కట్టగా అది సుమారు 880 కిలోమీటర్లు. ఈ సంఖ్య మారలేదు. కాని ఆ దూరము దాటుటకు పట్టు కాలము గడచిన తొంబది సంవత్సరములలో ఒకసారి తగ్గినది, మరల పెరిగినది.

1929లో ఇంపీరియల్ ఎయిర్‌వేస్ వారి టపా లండను నుండి కరాచీ చేరసాగినది. అక్కడ దిగిన ఉత్తరములు దక్షిణమునకు రైలు మీదనే రావలసి యుండెను. 1932 అక్టోబరు 15న ఈ లోటు తీరినది. ఆనాటి ఉదయము జె. ఆర్. డి. టాటా ఒకే ఇంజను గల పుస్ మాత్ అను చిన్న విమానములో టపా మూటలతో కరాచీ నుండి బయలుదేరినారు.

ఆ విమానము నడుమ పెట్రోలు పోసికొనక తప్పదు. అందుచే అది అహమ్మదాబాదులో దిగినది. అక్కడికి పెట్రోలు డబ్బాలు ఎద్దుబండి మీద వచ్చినవి! కరాచీ నుండి అహమ్మదాబాదుకు సుమారు 605 కిలోమీటర్లు, అక్కడి నుండి బొంబాయికి 440, మొత్తము 1,045. అనగా ఈ మలుపు వలన 165 కిలోమీటర్లు అధికమైనవి. గంటకు 160 కిలోమీటర్ల వేగమున ఎగురుటకే ఆరున్నర గంటలు కావలెను. మజిలీతో కలిపి ఏడు గంటలు దాటినది. మధ్యాహ్నము రెండు కాకముందే విమానము జుహూలో దిగినది. అది వానకాలములో నీట మునిగెడి నేల. అక్కడి నుండి నెవిల్ విన్‌సెంట్ టపాను బళ్ళారి మీదుగా మద్రాసు చేర్చినారు. బళ్ళారి ఆనాడు మద్రాసు రాజధానిలోని జిల్లా కేంద్రము.

తరువాత జెట్ విమానములు వచ్చినవి. గంటకు 800 కిలోమీటర్ల వేగమున 880 కిలోమీటర్లు దాటుటకు 66 నిమిషములు చాలును. పైకెక్కుటకు, దిగుటకు వేగము తగ్గును గనుక ఇంచుమించు గంటన్నర అనుకొనవచ్చును. ఏడు గంటలు గంటన్నర అయినవి.

అయితే విమానము దారిని యంత్రము ఒక్కటే నిర్ణయింపదు. 1932లో ఈ రెండు నగరములు ఒకే పాలనలో ఉండెను. 1947లో వాటి నడుమ సరిహద్దు ఏర్పడినది. 1971 ఫిబ్రవరిలో భారత ప్రభుత్వము తన గగనతలము మీదుగా పాకిస్తాను విమానములు పోరాదని నిషేధించినది. విమాన సంబంధములు 1976లో గాని మరల ఏర్పడలేదు. 1982లో, తొలి ప్రయాణమునకు ఏబది ఏండ్లు నిండిన సందర్భమున, 78 ఏండ్ల టాటా అదే దారిని ఒక చిన్న విమానములో మరల ఎగిరి వచ్చినారు. 2025 ఏప్రిల్‌లో ఉభయ దేశములు ఒకరి విమానములకు ఒకరు గగనతలమును మూసివైచినవి. అప్పటికే ఈ నగరముల నడుమ నేరుగా నడచు సర్వీసు లేదు.

అట్టి స్థితిలో ప్రయాణికుడు దుబాయి మీదుగా పోయినచో, సుమారు 1,190 కిలోమీటర్లు ఒక దిక్కు, 1,930 మరొక దిక్కు. మొత్తము 3,100కు పైగా. జెట్‌లో ఎగురుటకే నాలుగు గంటలు. మజిలీలో మూడు నాలుగు గంటలు ఆగినచో, 1932 నాటి చిన్న విమానము కంటె ఎక్కువ కాలమే పట్టును.

విద్యార్థులు గోళము మీద మూడు దారములు పెట్టి కొలిచి చూడవచ్చును: నేరుగా ఒకటి, అహమ్మదాబాదు మీదుగా ఒకటి, దుబాయి మీదుగా ఒకటి. మొదటి రెండింటి తేడాకు కారణము పెట్రోలు తొట్టి. మూడవదాని పొడవునకు కారణము మానవులు గీచిన గీత.